వెలిగిన చుక్క

కుట్టుమిషను ముందు అత్తగారు. అప్పుడే ల్యాబు నుంచి వచ్చిన కోడలు.

"ఇక లేవండత్తయ్యా. పొద్దున్నుంచీ తొక్కుతూనే ఉన్నట్టున్నారు."

"ఈ జిప్పొక్కటీ అయిపోతే లేస్తా. నీ మొగుడి జాకెట్టు. పిల్లలకి ఈత నేర్పి, పూల్ దగ్గర్నుంచి తడి ఒంటితో చలిగాలిలో నడిచొస్తాడు. జిప్పు ఊడి ఎన్నాళ్ళయిందో, అడగనైనా అడగడు."

"రేపు నేను బయట వేయిస్తాను. మీరు లేవండి."

"బయటా? ఇంట్లో దర్జీని పెట్టుకుని బయట జిప్పు వేయిస్తే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. టీ పెట్టనా?"

"ఇందాకే తాగాను. నువ్వు ఇలా కూర్చో."

"వంట చూడాలి కదా."

"వంట కాళ్ళొచ్చి పారిపోదు. కూర్చో. వారం నుంచి చూస్తున్నాను, నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నావు. గిన్నె ముట్టుకోనివ్వవు. మెట్లు దిగనివ్వవు. మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఒక్క మాట అనలేదు."

"బాగానే ఉంది. అందుకే అనలేదు."

"వాడు రెండు ముద్దలు తిని గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగాడు. నువ్వేమో ఊడ్చుకుని తిన్నావు. ఈ ఇంటికొచ్చి ఐదేళ్ళయింది, నా కూరకి వంక పెట్టకుండా నువ్వు లేచిన రోజుందా?"

"మర్యాద చేసినా తప్పేనా?"

"కోడలు ఉన్నట్టుండి మంచిదైపోతే ఏ అత్తకీ నిద్ర పట్టదమ్మా. సంగతేంటో చెప్పు. వాడేమన్నా అన్నాడా?"

"ఆయనేమంటారు. ఆయన లోకం ఆయనది."

"పోనీ, మీరిద్దరూ మాట్లాడుకుని నన్నెక్కడన్నా, ఆ పెద్దవాళ్ళని చూసుకునే చోట..."

"అలాంటి మాటలనకండి. నేను అలా అనుకుంటానా?"

"అనుకోవు. నోరు పెద్దదే గానీ మనసు మంచిదే నీది. మరి ఏడుపెందుకు?"

"ఎవరేడ్చారు?"

"నిన్న స్నానాల గదిలో. కుళాయి తిప్పి ఏడిస్తే బయటికి వినపడదనుకుంటారు అందరూ. మీ మామగారు పోయినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. చెప్పవే."

"చెబితే మీరు తట్టుకోవాలి."

"తట్టుకోవడం నాకేం కొత్త?"

"ఆయనకి కూడా చెప్పలేదు ఇంకా."

"మొగుడికి చెప్పని సంగతి అత్తకి చెబుతున్నావంటే, అది నా సంగతే అయ్యుంటుంది."

"ఊఁ."

"నా సంగతేనా?"

"మీ సంగతే."

"అయితే నాన్చకు. నాన్చిన కొద్దీ భయం ఉబ్బుతుంది."

"మా ల్యాబులో చేస్తున్న పరీక్ష గురించి ఒకసారి చెప్పాను. గుర్తుందా?"

"రక్తంలో ఇనపపొడి కలుపుతారన్నావు. నేను నవ్వాను."

"అదే. పొడంటే మనం చూసే పొడి కాదు. ఒక్క గింజ కూడా కంటికి కనపడదు. ఒక వెంట్రుక మందంలో వందలకి వందలు పక్కపక్కనే పడతాయి. ఒక్కో గింజకీ పైన కొక్కెం లాంటిది తొడుగుతాం. ఆ కొక్కేనికి మాకు కావల్సిన ప్రోటీన్ ఒక్కటే తగులుకుంటుంది. రక్తంలో ఇంకెన్ని ఉన్నా తగలవు. తర్వాత ట్యూబు పక్కన అయస్కాంతం పెడితే..."

"గుండుసూదులొచ్చినట్టు వచ్చేస్తాయి."

"ఆఁ?"

"నేల మీద గుండుసూదులు ఒలికిపోతే నేను అయస్కాంతంతో ఏరనూ? దుమ్ము రాదు, దారప్పోగు రాదు, గుడ్డముక్క రాదు. సూదులొక్కటే వస్తాయి."

"సరిగ్గా అంతే. గింజలన్నీ ట్యూబు గోడకి వచ్చి అతుక్కుంటాయి, తుప్పుమరకలాగా. మిగిలిందంతా కడిగేస్తాం. ఆ మరక మీద ఒక మందు వేస్తాం. గింజలకి ఆ ప్రోటీన్ తగిలి ఉంటే వెలుగుతుంది. లేకపోతే చీకటిగా ఉండిపోతుంది."

"వెలిగితే మంచిదా?"

"కాదు. వెలిగితే జబ్బు."

"ఏం జబ్బు?"

"మతిమరుపు జబ్బు. మెదడు కొంచెం కొంచెంగా..."

"పై వాటా ముసలాయనకి ఉన్నదా? తన తలుపేదో తెలీక మన తలుపు కొడుతుంటాడు."

"అదే. ఆయనకి అన్నీ మర్చిపోవడం మొదలయ్యాక తెలిసింది. అలా కాకుండా, ఏ లక్షణమూ బయటపడక ముందే, పదేళ్ళ ముందే పట్టుకోవాలని మేం చేస్తున్నది."

"పట్టుకుని?"

"అంటే?"

"పట్టుకుని ఏం చేస్తారు?"

"ఇప్పటికైతే ఏం చేయలేం. నయం చేసే మందు లేదు."

"మందు లేనప్పుడు పట్టుకోవడం దేనికే? రాత్రికి దొంగొస్తాడని చెప్పి, తలుపుకి గొళ్ళెం మాత్రం లేదన్నట్టుంది."

"ముందు పట్టుకోవడం వస్తే, వెనకాలే మందు వస్తుందని ఆశ."

"సరే, మీ ఆశ మీది. మధ్యలో నేనెక్కడున్నాను?"

"పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని తెలియాలంటే జబ్బున్నవాళ్ళ రక్తం ఒక్కటే చాలదు. జబ్బు లేనివాళ్ళది కూడా కావాలి. వాళ్ళది వెలగకూడదు. అందుకని ల్యాబులో అందరం మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగాం. మీక్కూడా ఒక కిట్టు ఇచ్చాను."

"కిట్టా?"

"చిన్న తెల్ల పెట్టె. ఆ రోజు నాకు పొద్దున్నే డ్యూటీ. వేలు గుచ్చుకుని నాలుగు చుక్కలు అందులో వేసి పెట్టండి, సాయంత్రం పట్టుకెళ్తానని బల్ల మీద పెట్టి వెళ్ళాను."

"ఆఁ. పెట్టావు."

"అందరి పెద్దవాళ్ళవీ చీకటిగా ఉన్నాయి. మీదొక్కటే వెలిగింది, అత్తయ్యా. అత్తయ్యా? ఆ జాకెట్టు వదలండి, సూది కింద వేలుంది. నీళ్ళు తేనా?"

"వద్దు."

"మీరలా చూస్తే నాకు భయమేస్తోంది. ఏదో ఒకటి మాట్లాడండి. తిట్టండి పోనీ."

"ఆ పెట్టెలోదేనా?"

"ఏంటి?"

"వెలిగింది ఆ పెట్టెలోదేనా? మన బల్ల మీద పెట్టిన పెట్టెలోదే?"

"అదే."

"అక్కడ మీ దగ్గర ఎన్ని పెట్టెలుంటాయో. ఒకదానికొకటి మారిపోవూ?"

"మారవు. దాని మీద అంకె నేనే అతికించాను, ఇక్కడే, మన ఇంట్లోనే. అక్కడ తీసింది కూడా నేనే."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

"మరి ఆ పొడి పాతదేమో. కొక్కేలు సరిగా తొడగలేదేమో. నువ్వు కొత్తగా నేర్చుకుంటున్న పని కదా అది."

"నేనూ అదే అనుకున్నాను. ఆ పొడి మొత్తం పారబోసి కొత్తది చేశాను. మిగిలిన రక్తంతో మళ్ళీ చూశాను. మళ్ళీ వెలిగింది. ఇంకా ఎక్కువ వెలిగింది. మా మేడంని పిలిచి చూపించాను."

"ఆవిడేమంది?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్కలోకి ఇది రాదు, తీసెయ్ అంది."

"తీసెయ్ అంటే?"

"పక్కన పడేయమని. ఆవిడకి అదొక ట్యూబు. ఎవరిదో ఆవిడకి తెలీదు కదా. సరే మేడం అని తీసేశాను. నేనింకేమనాలి?"

"అంటే ఖాయమే."

"నూటికి నూరుపాళ్ళు అని ఎవరూ అనలేరు. కానీ..."

"కానీ ఖాయమే. నీ మొహమే చెబుతోంది."

"అత్తయ్యా, మీరు ఇంకో రకంగా ఆలోచించండి. మీకిప్పుడు అరవై ఆరు. పెద్ద వయసులో ఈ జబ్బు నడిచి వస్తుంది, పరిగెత్తుకుని రాదు. ఇది బయటపడేసరికి మీకు ఎనభై దగ్గర పడొచ్చు. ఆ వయసులో ఎవరికి మాత్రం అన్నీ గుర్తుంటాయి?"

"చిన్న వయసులో అయితే?"

"ఏంటి?"

"చిన్న వయసులో వస్తే ఎలా ఉంటుంది? పరిగెత్తుకుని వస్తుందా?"

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే. తెలుసుకుందామని. లోకంలో చిన్నవాళ్ళకి రాదా?"

"చాలా అరుదు. వస్తే మాత్రం త్వరగా ముదురుతుంది."

"ఎంత త్వరగా?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా. కొందరికి ముప్పైల్లోనే మొదలై, నలభై అయిదు వచ్చేసరికి పెళ్ళాం పేరు కూడా మర్చిపోయారని చదివాను. అయినా మీకెందుకు ఆ గొడవ? మీది అలాంటిది కాదని చెబుతున్నాను కదా."

"అవును. నాది అలాంటిది కాదు."

"మరి ఆ జాకెట్టు వదలరేంటి? ఇటివ్వండి."

"మొదట్లో ఎలా తెలుస్తుంది?"

"తెలిసిన దారి తప్పిపోతారు. చెప్పిందే చెబుతారు. పేర్లు నోటికి రావు."

"పేర్లు."

"ఊఁ."

"వాడు ఈమధ్య ఈతకొచ్చే పిల్లలందర్నీ చేపపిల్లా, చేపపిల్లా అని పిలుస్తున్నాడు. ఇంతకుముందు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచేవాడు."

"ఎవరు, ఆయనా? అది ముద్దు అత్తయ్యా. కొత్త బ్యాచిలో ముప్పై మందున్నారు, ఎన్ని పేర్లని గుర్తుంటాయి? పిల్లలకి కూడా ఆ పిలుపంటే ఇష్టం."

"ముద్దే. ముద్దే అయ్యుంటుంది."

"ఆయన గురించి దిగులు పడుతున్నారా? మీ నుంచి ఆయనకి వస్తుందని?"

"రాదా?"

"రావాలని లేదు. పెద్ద వయసులో వచ్చేది అలా ఇంటి పేరులాగా దిగిపోదు. ఆయన్ని చూడండి, రాయిలాంటి మనిషి. జలుబు చేసి పడుకోగా నేను చూడలేదు."

"రాయిలాంటి మనిషే."

"అందుకే ముందు మీ సంగతి చూద్దాం. ఆయనకి ఈ రాత్రి నేనే చెబుతాను, మెల్లగా."

"వద్దు."

"ఎప్పటికైనా చెప్పాలిగా."

"చెప్పకు. నా మీద ఒట్టు. వాడికి ఒక్క ముక్క చెప్పినా నేను ఈ ఇంట్లో ఉండను."

"కొడుకుకి చెప్పకుండా దాచి నేనేం చేయను? రేపు మీకు ఏదన్నా అయితే నన్నడగరా?"

"నాకేమీ అవదు. నాకే వచ్చింది, నేనే పడతాను. వచ్చింది నాకే కదా? నా పేరే కదా ఆ ట్యూబుకి?"

"మీదే."

"అదే ఖాయం చెయ్యి. మళ్ళీ ఇంకెవరి జోలికీ వెళ్ళకు."

"ఇంకెవరి జోలికి వెళ్తాను? మీ మాటలు నాకర్థం కావడంలేదు ఇవాళ."

"ముసలిదాన్ని. అర్థంలేని మాటలే వస్తాయి. జబ్బున్నదాన్ని కూడానూ."

"అలా అనకండి. ఒక మంచి మాట కూడా ఉంది. అది చెబుదామనే ధైర్యం చేశాను. మందు ఒకటి పరీక్షల్లో ఉంది."

"మందు లేదన్నావు?"

"నయం చేసేది లేదు. ఇది జబ్బుని ఆపుతుందేమో అని చూస్తున్నారు. లక్షణాలు రాకముందే తెలిసినవాళ్ళకి ఇచ్చి చూస్తారట. మా మేడం స్నేహితురాలే చూసుకుంటోంది. నేను వెళ్ళి మాట్లాడొచ్చాను. మీ గురించే."

"ఎవరికైనా ఇస్తారా?"

"అరవై దాటినవాళ్ళకే."

"దాటనివాళ్ళకి?"

"ఇవ్వరు. చిన్నవాళ్ళ మీద చూడటానికి అనుమతి లేదట."

"బతిమాలితే?"

"బతిమాలితే ఇచ్చేది కాదు అత్తయ్యా అది. అయినా మీకు అరవై దాటిందిగా, మీకెందుకు బతిమాలడం?"

"వేరే ఊళ్ళో, వేరే ఎక్కడన్నా? చిన్నవాళ్ళకి ఇచ్చే చోటు ఎక్కడా లేదా? నువ్వు చదువుకున్నదానివి, వెతికితే దొరకదా?"

"ఎవరి కోసం అడుగుతున్నారు మీరు?"

"ఎవరి కోసమూ కాదు. ఆ మందు నాకిచ్చే బదులు చిన్నవాళ్ళకి ఇవ్వొచ్చు కదా అని. నేను తిని ఏం లాభం?"

"మీ మంచితనం పాడుగాను. ముందు మీ సంగతి చూసుకోండి. నాకు మీరు కావాలి. నవ్వకండి, నిజంగానే. రేపు పిల్లో పిల్లాడో పుడితే, నేను ల్యాబుకి పోతే చూసుకునేదెవరు? మేం ఈ ఏడాది అనుకుంటున్నాం."

"ఏమనుకుంటున్నారు?"

"పిల్లల గురించి. ఆయనే అన్నారు మొన్న. మీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామన్నారు. ఇదిగో ఇలాంటప్పుడు చెప్పాల్సొచ్చింది."

"తొందరేముంది?"

"ఏంటీ?"

"తొందరేముంది అంటున్నాను. ఇంకొన్నాళ్ళు చూడండి. నీ ఉద్యోగం కుదురుకోనీ."

"పెళ్ళయిన మర్నాటి నుంచి మనవడేడి, మనవడేడి అని ప్రాణం తీసింది మీరు కాదూ? పోయిన నెల కూడా పిల్లల గౌను కుట్టి పెట్టె అడుగున దాచారు. నేను చూశాను."

"అది ఎవరిదో. తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళలేదు."

"మీకు అబద్ధమాడటం చేతకాదు అత్తయ్యా."

"చేతకాదు. ఎప్పుడూ చేతకాలేదు."

"మీరిలా బెదిరిపోతారనే నాకు చెప్పాలనిపించలేదు. సరే, కళ్ళు తుడుచుకోండి. మీకొకటి చూపిస్తాను. ఇదిగో."

"ఏంటది?"

"ఇంకో కిట్టు. మేడంని అడిగి తెచ్చాను. ఆ మందుకి మీ పేరు తీసుకోవాలంటే రెండోసారి కూడా చూడాలట. మొదటి రక్తం అయిపోయింది. ఇంకో నాలుగు చుక్కలు కావాలి. ఈసారి నేనే తీస్తాను, మీకు తెలియనైనా తెలియదు."

"వద్దు."

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"వద్దన్నాను. నాకు ఆ మందూ వద్దు, ఈ పరీక్షా వద్దు. వెలిగిందన్నావు, ఒప్పుకున్నాను. ఇంకా ఎన్నిసార్లు గుచ్చుతావు?"

"ఒక్కసారి. ఆయనొచ్చేలోపు అయిపోతుంది. చెయ్యి ఇవ్వండి."

"నువ్వు వెళ్ళి వంట చూసుకో."

"వంట పారిపోదని మీరేగా అన్నారు. చెయ్యి అలా వెనక్కి దాచుకుంటారేంటి, చిన్నపిల్లలాగా?"

"దాచుకోలేదు. నా చెయ్యి నా ఇష్టం."

"వినండి. నేను ఈ వారం ఎలా గడిపానో మీకు తెలీదు. ఆ ట్యూబు వెలిగినప్పుడు నా చేతుల్లోనే ఉంది. మా అమ్మ పోయినప్పుడు నేను పక్కన లేను, మీకు తెలుసుగా. మీక్కూడా ఇలా జరుగుతుంటే, నేనే కనిపెట్టి, నేనే చూస్తూ కూర్చోవాలా? రెండోసారి చీకటిగా వచ్చిందనుకోండి. అప్పుడు మొదటిదేదో మా పొరపాటని కొట్టేస్తాం. పొడిలోనో, ట్యూబులోనో. మీకేమీ లేనట్టే. నేను మళ్ళీ మీ కూరకి వంక పెడతాను. నాకు అదొక్కటే ఆశ ఉంది, అది కూడా తీసెయ్యకండి."

"అదే నా భయం."

"ఏది?"

"చీకటిగా వస్తుందని."

"చీకటిగా వస్తే మంచిది అత్తయ్యా. తికమక పడుతున్నారు. వెలిగితేనే జబ్బు."

"తికమక లేదు. నా వేలు గుచ్చితే చీకటిగానే వస్తుంది. నువ్వు సంతోషపడతావు. వాడికి చెప్పి నవ్వుకుంటావు. పిల్లల్ని కంటారు. ఏమీ లేదనుకుని హాయిగా ఉంటారు మీరిద్దరూ. నేను మాత్రం రోజూ వాడు తలుపు తీసుకుని లోపలికొచ్చేటప్పుడు మొహం చూస్తూ కూర్చోవాలి. నా ఒక్కదాని వల్ల కాదమ్మా. నేను పోయేదాకా మోద్దామనుకున్నాను, ఈ కాసేపే మోయలేకపోయాను."

"మీరేమంటున్నారో నాకు... ఆయన మొహం ఎందుకు చూడటం?"

"ఇలా దగ్గరికి రా. నా చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాను. చెప్పండి."

"ఆ రోజు నాకు పొద్దున్నుంచీ జ్వరం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కావాలన్నావు కదా, నాది పాడు రక్తమేమో, నీ కష్టమంతా చెడిపోతుందేమో అనుకున్నాను. వాడు ఈతకి బయల్దేరుతూ, నాది తీసుకోమ్మా, ఎవరిదైతేనేం అని చెయ్యి చాపాడు. మన ఇంట్లో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నది వాడే కదా అని, వాడి వేలే గుచ్చాను."